జోడెద్దు – పన్నెండో వారం: తప్పు క్లబ్బుకు చేరిన ఉత్తరం

పోయిన వారం మా బావను మైదానం నడిమధ్య వెల్లకిలా పడేసి ఊరుకున్నాను. అందుకు నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారని సంపాదకుడు చెప్పాడు. తిట్టండి, పరవాలేదు. కానీ నాలుగు తిట్లు మిగుల్చుకోండి, ఈ వారం చదివాక పనికొస్తాయి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మా బావ చలికాలమంతా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడతాడు, ఎండాకాలమంతా క్రికెట్ క్లబ్బుకు ఆడతాడు. రెండూ జీతం తీసుకునే ఆడతాడు. రెండెడ్లు లాగాల్సిన బండి ఒక్కడే లాగుతున్నాడని జనం పెట్టిన పేరు జోడెద్దు. వయసు ముప్ఫై నాలుగు. ఆయన భార్య మా అక్క. నేను ఫుట్‌బాల్ క్లబ్బులో మాలీషు చేసి, కట్లు కట్టి, అవసరమైతే సూదిమందు వేసేవాణ్ణి. ఈ ఏడు క్రికెట్ సీజన్ మొదటి మ్యాచ్, మూడో రోజు, పన్నెండో ఓవర్లో మా బావ బంతి వేస్తూ ఎడమ పాదం నేలకు కొట్టాడు. మోకాలు లోపలికి తిరిగింది. మనిషి కూలిపోయాడు. నలుగురు మోసుకొచ్చారు. అక్కడిదాకా చెప్పాను.

ఇది మరునాటి సంగతి. మ్యాచ్‌కు ఆఖరి రోజు.

క్రికెట్ మైదానంలో ఆటగాళ్ళ గది పక్కన ఇంకో చిన్న గది ఉంది. అందులో ఒక రెక్సిన్ బల్ల, ఒక ఇనప బీరువా, చెయ్యి కడుక్కునే తొట్టి, మైదానం వైపు ఒక కిటికీ. బల్ల మీద రెక్సిన్ చిరిగినచోట పీచు బయటికొచ్చింది. మా బావ ఆ బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ పీచు ఒక్కొక్క పోగూ లాగుతున్నాడు. అక్క ఆయన తల దగ్గర నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను తలుపు పక్కన నా సంచీ పట్టుకుని గోడకు అతుక్కున్నాను. సంచీ ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు. బావమరిది కదా, ఏదో తెచ్చి ఉంటాడనుకున్నారు.

క్రికెట్ మేనేజర్ కిటికీ దగ్గర నిలబడి సగం మనసు మైదానంలో పెట్టుకుని ఉన్నాడు. మనవాళ్ళు గెలవాలంటే ఇంకా ఇరవై ఆరు పరుగులు కావాలి. రెండు వికెట్లు ఉన్నాయి. అందులో ఒకటి ఈ బల్ల మీద ఉంది కాబట్టి నిజానికి ఒక్కటే ఉంది. ఇక కుర్చీలో కూర్చున్నది ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ. జన్మలో గొంతు పెంచి మాట్లాడని మనిషి కాబట్టి మేమంతా ఆయన్ని చల్లనయ్య అంటాం. ఆయన చల్లగా మాట్లాడి ఉద్యోగాలు ఊడగొట్టినవాళ్ళను నేను తొమ్మిదిమందిని చూశాను. చలికాలానికి మా బావ పనికొస్తాడో లేదో చూసుకుపోదామని వచ్చాడు. పరామర్శకని చెప్పాడు లెండి.

డాక్టరమ్మ లోపలికొచ్చింది. పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు. వేరే ఆసుపత్రిలో మూడేళ్ళు చేసి ఈ నెలలోనే తిరిగొచ్చింది. చేతిలో నిన్న తీసిన ఎక్స్‌రే ఉంది. దాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూసి, దించి, మళ్ళీ ఎత్తి చూసి, మా బావ వైపు తిరిగింది. జాలి పడుతుందనుకున్నాను. మండిపడింది.

"నీకు మతుండే ఆడావా? నాలుగేళ్ళ కిందట నేనే చూశాను ఈ మోకాలు. ఇదే ఎముక ముక్క. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి, అప్పటిదాకా ఫుట్‌బాల్ ఆడకూడదని అంత స్పష్టంగా రాస్తే, తీయించుకోకుండా నాలుగు సీజన్లు తన్నుకుంటూ తిరిగావా?"

మా బావ పీచు లాగడం ఆపాడు.

"ఎవరికి రాశారమ్మా?"

"మీ క్రికెట్ క్లబ్బుకి. ఇంకెవరికి రాస్తాను? సీజన్ ముందు పరీక్షకి పంపింది వాళ్ళేగా. ఫలితం ఆటగాడికి నేరుగా చెప్పొద్దు, మాకే రాయండి అని పద్ధతి పెట్టింది కూడా వాళ్ళే."

అందరూ మేనేజర్ వైపు చూశారు. ఆయన మైదానంలోంచి మనసు లాక్కుని వచ్చాడు.

"మాకేం రాలేదే! వస్తే నేను దాస్తానా? అభ్యంతరం ఉంటేనే ఆసుపత్రివాళ్ళు ఉత్తరం రాస్తారు. ఉత్తరం రాలేదంటే మనిషి బాగున్నట్టే. ఏళ్ళ తరబడి అదే నడుస్తోంది."

"రాలేదేంటని ఒక్కసారి అడగలేదా?" అంది అక్క. ఆ గదిలో అక్క నోరు విప్పడం అదే మొదలు.

"ఇరవైమందిని పంపుతామమ్మా. రాని ఉత్తరాల కోసం ఎక్కడని తిరగను?"

"నేను రాశాను," అంది డాక్టరమ్మ, ఒక్కో మాటా విడగొట్టి. "కవరు మీద అడ్రసు మాత్రం కౌంటర్లో గుమాస్తా రాస్తాడు."

అప్పుడు చల్లనయ్య గొంతు సవరించుకున్నాడు. కాలు మీద కాలు వేసుకుని, పక్కింటివాళ్ళ పేపరు పొరపాటున మా ఇంట్లో పడిందండీ అన్నంత మామూలుగా చెప్పాడు.

"ఆ ఉత్తరం మాకొచ్చిందండీ."

బయట జనం ఏదో పరుగుకు చప్పట్లు కొట్టి ఆపారు.

"ఆ గుమాస్తా మా ఆటంటే పడిచస్తాడు. ప్రతి ఆదివారం గోలు వెనకాలే నిలబడతాడు. జోడెద్దు క్లబ్బంటే అతనికి మా క్లబ్బే. క్రికెట్‌వాళ్ళు పంపారని అతనికి తట్టనైనా తట్టి ఉండదు. మా అడ్రసు రాసి పడేశాడు."

"మా ఉత్తరం మీరు విప్పుకున్నారా?" మేనేజర్ అరిచాడు.

"మా అడ్రసుంటే విప్పమా అండీ? విప్పి చదివాం. చూస్తే ఫుట్‌బాల్ ఆడకూడదని రాసి ఉంది. మా ఆట గురించి రాసింది పరాయి ఉత్తరం ఎలా అవుతుంది?"

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మా బావ.

ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. పెనాల్టీ కొట్టేముందు రిఫరీతో కూడా గొడవపడే మనిషి. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

చల్లనయ్య ఆయన్ని ఎంతో ఆప్యాయంగా చూశాడు. "చెబితే ఏం చేసేవాడివయ్యా? ఆపరేషన్ అనేవాడివి. రెండు నెలలు మంచాన పడేవాడివి. అది కప్పు గెలవాల్సిన ఏడు. సెమీఫైనల్లో రెండు గోల్సు ఎవరు కొట్టారు? ఫైనల్లో ఎవరు కొట్టారు? నీ పేరు క్లబ్బు గోడ మీద చెక్కించింది ఎవరు? మేం చెప్పి ఉంటే ఆ గోడ మీద ఇంకెవడి పేరో ఉండేది."

"రెండు నెలలా?" అంది అక్క. "రెండే నెలలా?"

"రెండు నెలలు," అంది డాక్టరమ్మ. "వేలిగోరంత ఎముక ముక్క. ఊడిపోయి కీలులో తిరుగుతోంది. అప్పుడు తీసేస్తే అయిపోయేది. ఇప్పుడు ఎలా ఉందంటే, తిరగట్లో రాయి పడితే ఏమవుతుందో అలా ఉంది. నాలుగేళ్ళు లోపల అరగదీసింది."

అక్క బల్ల అంచు పట్టుకుంది. మా బావ ఆమె చేతి మీద చెయ్యి వెయ్యలేదు. ఆయన చల్లనయ్యనే చూస్తున్నాడు.

ఇక్కడితో ఆగితే నాకు బాగుండేది. చల్లనయ్య దుర్మార్గుడని మీరూ నేనూ కలిసి నాలుగు తిట్లు తిట్టుకుని ఇళ్ళకు పోయేవాళ్ళం. కానీ ఆయన మీద నింద పడితే ఆయన ఊరుకునే రకం కాదు. చేతులు దులుపుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"మేమేం గాలికి వదిలెయ్యలేదమ్మా," అన్నాడు అక్కతో. "ఆ మోకాలు చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాం. అంతకుముందు మాకు మాలీషు మనిషి ఒక్కడే ఉండేవాడు. పరాయివాడైతే నిర్లక్ష్యం చేస్తాడని ఇంటి మనిషినే తీసుకున్నాం. చేరిన రోజే అతని చేత ఆ ఉత్తరం చదివించాం, చదివానని సంతకం కూడా పెట్టించుకున్నాం. అడిగితే చూపించాలి కదా, వస్తూ వస్తూ పట్టుకొచ్చాను."

తోలు సంచీలోంచి కాగితం తీసి మా బావ ఒళ్ళో పెట్టాడు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. పదకొండు వారాలుగా మీకు ఈ కథ చెబుతున్నాను. బావ తాగిన మందు చెప్పాను, బావ తన్నిన తన్నులు చెప్పాను, బావకు ఒక నర్సు రాసిన చీటీ కూడా చెప్పాను. ఈ ఒక్క ఉత్తరం సంగతి మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. కావాలనే దాటేశాను. చెబితే మొదటి వారమే నన్ను అసహ్యించుకుని పత్రిక మడిచేసేవారు.

అవును, నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

చల్లనయ్య ఆ రోజు నన్ను కూర్చోబెట్టి, "చదవడం వచ్చుగా?" అని అడిగి ఆ కాగితం చేతికిచ్చాడు. చదివాను. "నువ్వు చెప్పావనుకో, మీ బావ ఆగిపోతాడు. ఆగిపోతే ఈ ఉద్యోగమే ఉండదు. చెప్పకపోతే మోకాలిని కంటికి రెప్పలా చూసుకుంటావు. ఏది మంచిదో నువ్వే చూసుకో," అన్నాడు. అప్పటికి నేను రెండేళ్ళుగా పనిలేక అక్క ఇంట్లో వసారాలో పడుకుంటున్నాను. సంతకం పెట్టాను. అక్కడిదాకా ఎవరైనా క్షమిస్తారేమో.

క్షమించలేనిది ఇంకొకటుంది. ఆ ఉద్యోగం తనే ఇప్పించానని మా బావ నమ్మాడు. ఊరంతా చెప్పుకున్నాడు. ఆటగాళ్ళందరి ముందూ నా తల మీద ఒక్కటిచ్చి, "మా బామ్మర్ది ఎందుకూ పనికిరాడని నా కాళ్ళు పిసికే పనిలో పెట్టించాను," అనేవాడు. పదకొండుమందీ విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ ఆ మోకాలి చిప్ప పక్కన బొటనవేలు నొక్కితే లోపల ఆ ముక్క చేపపిల్లలా జారి పక్కకు తప్పుకోవడం నాకు తెలిసేది. నీకు తెలియనిది నాకు తెలుసురా అనుకునేవాణ్ణి. మా బావను 'రా' అని పిలిచేది అప్పుడొక్కటే, మనసులో. ఆ రోజుకి కడుపు చల్లబడేది.

రాశాను. ఇక తిట్టుకోండి.

మా బావ కాగితం చదివాడు. నా సంతకం దగ్గర వేలు పెట్టి, తలెత్తాడు.

"ఒరేయ్. ఇది నీదేనా?"

"నాదే బావా."

"నొప్పెందుకు వస్తోందిరా అని నిన్ను అడిగానా లేదా?"

"అడిగావు."

"ఏమన్నావు?"

"నరం పట్టిందన్నాను."

"నరం," అన్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగి, ఏదో జోకు చెబుతున్నట్టు, "నరమన్నాడమ్మా వీడు. నాలుగేళ్ళ నుంచీ అదే నరం. పట్టిన నరం వదలదేంట్రా అంటే ముదురు నరమన్నాడు. నేను నవ్వాను కూడా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అక్క నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అక్క చిన్నప్పుడు నన్ను చాలాసార్లే కొట్టింది. కొట్టిన ప్రతిసారీ తర్వాత ఏదో ఒకటి తినిపించేది. ఇప్పుడు కొట్టలేదు. నా ముఖానికి దగ్గరగా నిలబడి లెక్క అడిగింది.

"నాలుగేళ్ళలో ఎన్ని సూదులు వేశావు?"

"ముప్ఫై ఒకటి."

"అంత ఠక్కున చెప్పావు."

"మ్యాచ్‌కి ముందు వేస్తానక్కా. గుర్తుంటాయి."

"ఆయనకి ఎలా ఉందిరా అని నిన్ను ఎన్నిసార్లు అడిగానో గుర్తుందా?"

గుర్తులేదు. అది లెక్కపెట్టలేదు. అక్క "అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. నిన్ను వదిలేసి నేను పోయి ఉండాల్సింది," అంది. అరవలేదు, ఏడవలేదు. తిరిగి వెళ్ళి మళ్ళీ ఆయన తల దగ్గర నిలబడింది.

డాక్టరమ్మకు మా కుటుంబ గొడవతో పనిలేదు. బల్ల దగ్గరికి వచ్చి పనికొచ్చే మాట చెప్పింది.

"ఇప్పుడు విను. ఫుట్‌బాల్ అయిపోయింది. దాని మీద ఆశ పెట్టుకోకు. బౌలింగ్ కూడా అయిపోయింది. కానీ ఆ ముక్క ఇప్పుడు కీలు మధ్య ఇరుక్కుని ఉంది. ఇవాళ సాయంత్రమే తీసేస్తే, ఏడాది తర్వాత బ్యాట్ పట్టుకోవచ్చు. ఒకట్రెండు సీజన్లు ఆడతావు, ఆ తర్వాత మనుషుల్లా నడుస్తావు. ఈలోపు ఇంకొక్కసారి మెలిపడిందా, చచ్చేదాకా కర్రే. నేల మీద కాలు పెట్టొద్దు. నేను ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపిస్తాను."

ఆవిడ ఫోన్ కోసం ఆఫీసు గదికి వెళ్ళింది. చల్లనయ్య కాగితం తీసుకుని మడతలు సరిచూసి సంచీలో పెట్టుకున్నాడు. ఇక ఇక్కడ ఆయనకు కొనుక్కునేదీ లేదు, అమ్ముకునేదీ లేదు. లేవబోయాడు.

సరిగ్గా అప్పుడు బయట మైదానమంతా ఒక్క గొంతుతో అయ్యో అంది.

మేనేజర్ కిటికీకి అతుక్కుపోయాడు. "పోయింది. తొమ్మిదో వికెట్." కాసేపు స్కోరుబోర్డు చూశాడు. "ఇంకా తొమ్మిది కావాలి. తొమ్మిదంటే తొమ్మిది." అని, మా బావ వైపు తిరగకుండా కిటికీతో చెప్పాడు. "నువ్వేం లేవక్కర్లేదు. దెబ్బ తగిలి ఆడలేడని రాయిస్తాను. ఓడిపోతాం, అంతేగా. ఎన్నిసార్లు ఓడలేదు."

ఆ మాట అంటూనే ఆయన కళ్ళు మూలనున్న ప్యాడ్ల మీదికి వెళ్ళాయి. ఆ చూపు నేను చూశాను, మా బావా చూశాడు.

తలుపు దగ్గర చల్లనయ్య ఆగాడు. ఎంతో మెత్తగా, ఎంతో మర్యాదగా అన్నాడు. "ఆడనివ్వండి పాపం, సరదా పడితే. ఎలాగూ పోయిన కాలే కదా."

చెప్పులు సరిగ్గా తొడుక్కుని వెళ్ళిపోయాడు. మా బావ ఆ తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత రెండు చేతులా ఎడమకాలు పట్టుకుని, పరాయి సామానులా ఎత్తి, బల్ల కిందికి దించాడు.

"ప్యాడ్లు ఇవ్వండి," అన్నాడు మేనేజర్‌తో.

"ఏం చేస్తున్నావు?" అంది అక్క. "ఆవిడ చెప్పింది వినపడలేదా? ఏడాది ఆగితే నీకు ఒక ఆట మిగులుతుంది. ఒక్కటైనా మిగులుతుంది."

"ఏడాది తర్వాత సంగతి వీళ్ళ చేతుల్లో పెట్టమంటావా? ఇప్పటిదాకా పెట్టిందంతా చూశావుగా."

"నా చేతుల్లో పెట్టు."

"నీ చేతుల్లో పెట్టింది నీ తమ్ముడికి ఇచ్చావు కదే," అన్నాడు.

ఎంత క్రూరమైన మాటండీ అది! అక్క తప్పు వీసమెత్తు లేదు. ఆయనకూ తెలుసు లేదని. తగలాలనే అన్నాడు, తగిలింది. అక్క ముఖంలో రక్తం లేదు. మేనేజర్ ప్యాడ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, కాళ్ళ వైపే చూస్తూ, "రెండు నిమిషాల్లో క్రీజులో ఉండాలి," అని గొణిగి బయటికి జారుకున్నాడు.

"ఒరేయ్ నరం డాక్టరూ," అన్నాడు మా బావ నాతో. "సూది తియ్యి."

సంచీ తెరిచాను. అందులో రెండు సీసాలుంటాయి. ఒకటి మొద్దుబార్చే మందు. ఇంకోటి పుండ్లు కడిగే సెలైన్ నీళ్ళు. రెండూ రంగులేని నీళ్ళలానే ఉంటాయి, రెండూ అరచేతిలో పట్టేంతే. వాళ్ళకు వీపు తిప్పి తొట్టి దగ్గర నిలబడ్డాను.

నా బుర్ర ఎలా పనిచేసిందో చెబుతాను. మందు వేస్తే ఆ కాలు తనది కానట్టు పరిగెత్తుతాడు. తొమ్మిది పరుగుల్లో ఎక్కడో ఒకచోట మెలిపడుతుంది, కర్ర ఖాయం. మందు వెయ్యకపోతే నిలబడే ప్రశ్నే లేదు. నిన్న మరుగుదొడ్డికి వెళ్ళడానికే ఇద్దరి భుజాలు పట్టుకున్నాడు. ఈ గది నుంచి మైదానానికి దిగే మెట్లు ఏడు. మూడో మెట్టు మీద కూలబడతాడు, అక్క పట్టుకుంటుంది, అంబులెన్స్ వస్తుంది, కాలు దక్కుతుంది. నాలుగేళ్ళు అబద్ధంతో పాడుచేసినదాన్ని ఇంకో అబద్ధంతో బాగుచేద్దామనుకున్నాను. నాకు అబ్బిన విద్య అదొక్కటే మరి.

సిరంజిలోకి సెలైన్ ఎక్కించాను. మోకాళ్ళ మీద కూర్చుని, చిప్ప పక్కన ఎప్పుడూ వేసేచోటే గుచ్చి, మొత్తం లోపలికి నెట్టాను. మా బావ నా నడినెత్తిని చూస్తున్నట్టు తెలుస్తోంది. కట్టు కట్టాను. ప్యాడ్లు అక్క కట్టింది. నా చెయ్యి తగలనివ్వలేదు.

ఆయన లేచి నిలబడ్డాడు. బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుంటూ గుమ్మం దాటాడు. ఒక మెట్టు దిగాడు. రెండు. నేను వెనకాలే చేతులు చాపుకుని ఉన్నాను. మూడు దిగాడు. నాలుగు. ఏడో మెట్టు దిగి పచ్చిక మీద కాలు పెట్టాడు. జనం లేచి నిలబడ్డారు. జోడెద్దు జోడెద్దు అని ఒకటే కేక. ఆ కేకలో అటు ఇటు చూసి, మెట్ల కిందున్న చెక్కగేటు దగ్గర ఆగి, నన్ను వేలితో పిలిచాడు. వెళ్ళాను. నా చెవి దగ్గరికి వంగాడు. కణతల మీంచి చెమట ధారలు కట్టి కారుతోంది. కింది పెదవి వణుకుతోంది, దాన్ని పళ్ళతో పట్టుకుని ఆపుతున్నాడు.

"మందు లోపలికి వెళ్ళేటప్పుడు నిప్పులు పోసినట్టు మంట పుడుతుందిరా. ముప్ఫై ఒక్కసార్లు పుట్టింది. ఇవాళ పుట్టలేదు."

"బావా, వద్దు బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"పట్టుకున్నావుగా నాలుగేళ్ళు. చాల్లే. ఇక్కడే నిలబడి చూడు. కళ్ళు మూశావంటే వచ్చి తెరుస్తాను."

గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. మామూలుగా నడిచాడు. అంత నొప్పితో కుంటకుండా నడవడం ఎలా కుదిరిందో నాకు ఈనాటికీ తెలియదు. మైదానం మధ్యకు డెబ్బై ఎనభై అడుగులు నడవాలి. ఒక్కో అడుగూ నేను లెక్కపెట్టాను. క్రీజులో నిలబడి, బ్యాటు ఎక్కడ ఆనించాలో అంపైర్‌ను గార్డ్ అడిగాడు. అవతలి జట్టు కెప్టెన్ ఆయన కట్టు చూసి, ఫీల్డర్లిద్దరిని దగ్గరికి పిలిచి, బౌలర్ చెవిలో ఏదో చెప్పి, తన ఎడమ మోకాలు తట్టి చూపించాడు. బౌలర్ తలూపాడు. ఆటలో అదంతా మామూలే అంటారు.

అక్క వచ్చి నా పక్కన గేటు పట్టుకుని నిలబడింది. ఈ జన్మకు నాతో మాట్లాడదనుకున్నాను. కానీ మైదానంలో నిలబడ్డ ఆ మనిషి గురించి అడగడానికి ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు.

"ఎంతసేపు పనిచేస్తుందది?" అంది నా వైపు చూడకుండా. "ఆయనకి నొప్పి తెలియకుండా ఎంతసేపు ఉంటుంది?"

గంట ఉంటుందక్కా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట చెప్పి ఉంటే కాసేపైనా ఊపిరి పీల్చుకునేది. మనిషన్నవాడు ఆ వేళకు ఆ అబద్ధం చెప్పాలి. ఏళ్ళ తరబడి చెప్పకూడని అబద్ధాలన్నీ చెప్పిన నేను, చెప్పాల్సిన ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను.

"మందు కాదక్కా. నీళ్ళు. ఆయనకి అంతా తెలుస్తోంది. ఆయనకి ఆ సంగతీ తెలుసు."

అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు ఎలా ఉందో రాయను. చెప్పులు అక్కడే విడిచేసింది. గేటు గడియ లాగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని పచ్చిక మీదికి పరిగెత్తింది.

జనం ఇంకా ఆమెను చూడలేదు. మా బావా చూడలేదు. ఆయన తల వంచి బ్యాటు నేలకు తట్టుకుంటున్నాడు. అటు చివర బౌలర్ అప్పటికే పరుగు మొదలుపెట్టేశాడు.